దూరపు వాటా ముందు

రాజకుమారిని దొంగ అని రాసింది మీరు. పోర్ట్ బ్లెయిర్‌లో, ఈ ప్రోతరాపూర్ గోడౌన్‌లో పనిచేసే ఇరవై ముగ్గురిలో ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. సముద్రానికి అవతల చల్లటి గదిలో కూర్చుని, మా దీవుల్లో ఒక్కదాని ఇసుక మీదా కాలు పెట్టకుండా, ఇక్కడి ఆర్డర్లను ఏ వరసలో తీయాలో సిస్టమ్‌కి నేర్పినవాళ్లు మీరు. ఆ సిస్టమే ఆమె పేరు పక్కన ‘సరుకు మాయం, అనుమానం’ అని ఎర్ర అక్షరాలతో చూపిస్తోంది. రాసింది సిస్టమ్, మేం కాదు అంటారని తెలుసు. సిస్టమ్‌కి చేతులు లేవు. చేతులు మీవి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. వినండి.

నా పేరు సన్యాసిరావు. గోడౌన్‌లో ప్యాకింగ్ బల్ల నాది. రాజకుమారి పికింగ్ మనిషి. అంటే ర్యాకుల మధ్య ట్రాలీ తోసుకుంటూ తిరిగి, జనం ఫోన్లలో అడిగిన సరుకు తీసుకొస్తుంది. ఆమె తెచ్చింది నేను పెట్టెలో సర్ది, టేపు వేసి, చీటీ అంటిస్తాను. మధ్యాహ్నం రెండింటికి వ్యాను వస్తుంది. పెట్టెలు జెట్టీకి పోతాయి. అక్కణ్ణించి ఏ దీవి పెట్టె ఆ ఓడ ఎక్కుతుంది.

మొదట్లో ఒక ఆర్డరుకి ఒక నడక ఉండేది. ఇరవై మంది ఒకే సబ్బు అడిగితే ఇరవై సార్లు ఆ సబ్బు దగ్గరికే వెళ్లాలి. సాయంత్రానికి రాజకుమారి మడమలు పగిలి, చెప్పుల్లో నెత్తురు కనిపించేది. తర్వాత మీరు బ్యాచ్‌లు తెచ్చారు. ఒకేవైపు పోయే ఆర్డర్లను ఇరవై చొప్పున కట్టి, ఒక్క నడకలో తీయించారు. మడమలు మానాయి. అబద్ధం ఎందుకు, మేం సంతోషించాం.

కానీ బ్యాచ్ నిండితేనే నడక అన్నారు. ఇరవై నిండేదాకా ఆ ఆర్డర్లు తెర మీద ఆగి ఉంటాయి, వాటిని ఎవరూ ముట్టకూడదు. పోర్ట్ బ్లెయిర్ బ్యాచ్ గంటలో నిండుతుంది. హావ్‌లాక్‌ది పూటలో నిండుతుంది. అన్నిటికన్నా దక్షిణాన, రెండు రాత్రుల ప్రయాణంలో ఉన్న క్యాంప్‌బెల్ బేకి ఎన్ని రోజులు పడుతుందో మీరు ఎప్పుడైనా చూశారా? ఓడ మాత్రం బ్యాచ్ కోసం ఆగదు. పదీ పన్నెండు రోజులకు ఒకటి పోతుంది, గాలి పట్టిందంటే అదీ పోదు.

మా గోడౌన్‌ని మీరు బొమ్మలోనే చూసుంటారు. వానాకాలం మధ్యాహ్నం వచ్చి చూడాలి. పైన రేకుల మధ్య అక్కడక్కడా వేసిన ప్లాస్టిక్ షీట్లకు పాచి పట్టింది. వాటిలోంచి దిగే వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. తడి సిమెంటు నేల మీద ర్యాకులు తలకిందులుగా కనిపిస్తాయి. వాన చప్పుడులో మనిషి మాట పక్కవాడికి చేరదు. అందరూ నోళ్లు కదుపుతూ మెల్లగా నడుస్తుంటే సముద్రం అడుగున ఉన్నామా అనిపిస్తుంది. ఆ వెలుతురులో రాజకుమారి ట్రాలీ తోసుకుంటూ ఒక వరసలో మాయమై, ఎంతో సేపటికి మరో వరసలో తేలేది.

ర్యాకులకు ఆమె మా దీవుల్లోని చోట్ల పేర్లు పెట్టుకుంది. గేటు దగ్గరది మా ఊరి బజారు, అబర్డీన్. నా బల్ల పక్కన ఉన్నది నీల్. ఎప్పుడో ఒకరు అడిగే సరుకంతా వేసే ఇరవై ఆరో ర్యాకు, ఆ చివరి చీకటి మూలది, క్యాంప్‌బెల్ బే.

“క్యాంప్‌బెల్ ఎల్లొస్తాను భయ్యా. రెండు రాత్రులు పట్టుద్ది, ఎవులైనా అడిగితే సెప్పు” అనేది.

“వాంతుల మాత్ర వేసుకున్నావా?”

“నానేటి, నీలాగ బస్సెక్కినా కక్కీదాన్నా?”

నిజమైన క్యాంప్‌బెల్ బే ఆమె ఎప్పుడూ చూడలేదు. పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే, బతు బస్తీలో. వాళ్ల తాత అప్పలకొండ మాత్రం భీమునిపట్నం వైపు నుంచి వలలతో సహా ఇక్కడికి వచ్చినవాడు.

జూన్‌లో ఒకరోజు నెట్ పోయింది. ఒక్క స్కానరూ పలకలేదు. మా సూపర్‌వైజర్ గోపీచంద్ ఫోను పైకెత్తి పట్టుకుని గేటు దాకా నడిచి, తడిసి తిరిగొచ్చాడు. నిండని బ్యాచ్‌లవి కూడా కలిపి, ముందు రోజు కాగితం మీద అచ్చయిన చీటీలు నూట డెబ్బై ఉన్నాయి. ఏది ముందు తీయాలో చెప్పేవాడు లేడు. మేమంతా పెట్టెల మీద కూర్చుండిపోయాం.

రాజకుమారి చీటీల కట్ట తీసుకుని నేల మీద కూర్చుంది. ఒక్కొక్కటే పరచడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర డిగ్లీపూర్. దాని కింద మాయాబందర్. ఆ కింద రంగత్. మధ్యలో మన ఊరు. ఇటు పక్క హావ్‌లాక్, నీల్. కిందికి వస్తే హట్ బే. ఆఖర్న, బాత్రూం గోడకి ఆనించి, నాలుగే నాలుగు చీటీలు. క్యాంప్‌బెల్ బే.

“బాత్రూం పక్కనా? క్యాంప్‌బెల్ వాళ్లు చూస్తే ఊరుకుంటారా?” అన్నాడు గోపీచంద్.

“మనం సూసీది అలాగే గదా సార్” అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ నాలుగు చీటీలూ ముందు చేతిలోకి తీసుకుంది.

“నాలుగింటికోసం అంత దూరం నడకా? ముందు దగ్గరివి కానీ.”

“మా తాత ఎప్పుడూ దగ్గరిది ముందు ఇవ్వనేదు సార్” అంది. వల ఒడ్డుకి లాగాక చేప కుప్పలు పోస్తారట. అందరికన్నా ముందు పక్కకి తీసి పెట్టేది, ఆ రోజు ఒడ్డుకి రాలేని దూరపు ఇంటి వాటా. అది తీశాకే మిగతా కుప్పలు. “దగ్గరోడు సెయ్యి సాపి అడుగుతాడు. దూరపోడికి అక్కడ నోరు నేదు. ఆడి నోరు మనమే, అనీవోడు.”

గోపీచంద్ నవ్వాడు. అయినా ఆమె వెనకే నడిచాడు. నేనూ నడిచాను. అప్పుడు తెలిసింది. ఆమె చివరి మూలకి వెళ్లింది ఆ నాలుగింటి కోసమే, కానీ వచ్చేటప్పుడు దారిలో ఉన్నదల్లా దగ్గరి దీవులవాళ్లకి తీసుకుంటూ వచ్చింది. దూరం వెళ్లిన నడకలోనే దగ్గరవీ వచ్చేశాయి. రెండో నడక హట్ బే. అందులోనూ అంతే. ఏ ఓడ ముందు పోతుందో దాని వాటా ముందు. బ్యాచ్ నాలుగైనా బ్యాచే, నలభై అయినా బ్యాచే.

మధ్యలో ఎక్కడో రేకు కారి, సన్నగా నీళ్లు నేల మీదికి పాకాయి. ఇంకా తీయని చీటీలు ఒక్కొక్కటీ తేలి, అంగుళం అంగుళం కదిలాయి. నేను టేపు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. రంగత్ వెళ్లి హావ్‌లాక్‌ని తాకింది. ఆ నాలుగూ తీసేశాక బాత్రూం గోడ దగ్గర మిగిలిపోయిన, ఏమీ అచ్చవని ఒక తడి చీటీ, ఆకుపచ్చ వెలుగులో ఎవరూ తోయకుండానే, అన్ని దీవులూ దాటుకుంటూ నా బల్ల కాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఇది నేను కలగన్నది కాదు. కానీ ఆ తర్వాత చాలాసార్లు కలలోకి వచ్చింది.

ఒంటి గంట కాకముందే నూట డెబ్బై పెట్టెలూ సిద్ధమయ్యాయి. అలా ఎప్పుడూ కాలేదు. సాయంత్రం నెట్ వచ్చాక, మేం చేసింది ‘అనుమతి లేని వరస’ అని సిస్టమ్ అందరికీ ఎర్ర గుర్తు పెట్టింది. గోపీచంద్ జరిగిందంతా మీకు రాశాడు. ఆమె వరసలో నడక తగ్గిందని కూడా రాశాడు. మీరు జవాబివ్వలేదు.

ఆగస్టులో, ఒక శుక్రవారం, క్యాంప్‌బెల్ బే నుంచి స్వాతి అనే అమ్మాయి ఒక డబ్బా అడిగింది. ఆవు పాలు పడని పసిపిల్లలకిచ్చే సోయా పాలపొడి. ఆర్డరు కింద రాసుకునే చోట తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. నా తెర మీద రాజకుమారి కూడబలుక్కుని చదివింది. ‘అక్కా, మంగళవారం షిప్‌కి పంపండి. మా చిన్ని వేరే పాలు తాగితే వాంతులు. ఉన్న డబ్బా ఇంకా వారమే వస్తుంది.’

మంగళవారం ఓడ సాయంత్రం ఐదింటికి. దాని తర్వాతది పన్నెండు రోజులకి. చిన్న పిల్లలకి కూడా వచ్చే లెక్క ఇది. మీ లెక్కకి మాత్రం రాలేదు.

సోమవారం క్యాంప్‌బెల్ బే బ్యాచ్‌లో తొమ్మిది ఆర్డర్లు. మంగళవారం పొద్దున్నకి పదకొండు. రాజకుమారి ట్రాలీతో వచ్చిన ప్రతిసారీ నా తెర వైపు మెడ సాచేది.

“ఎంతయినాయి?”

“పదకొండే.”

పదకొండున్నరకి మళ్లీ వచ్చింది. ట్రాలీలో ఉన్నవి తీయకుండా నిలబడిపోయింది.

“రాత్రి ఆ పిల్ల కల్లోకొచ్చినాది భయ్యా. ముకం కనబడనేదు. డబ్బా అడుగున సెంచా గీకిన సప్పుడు ఒకటే. పొద్దున్న లేసినా ఆ సప్పుడు పోనేదు. ఇప్పుడూ ఇనబడతన్నాది. నీకు ఇనబడతందా?”

“ట్రాలీ చక్రం అరిగింది. అదే.”

“కాదు” అంది.

గోపీచంద్ మీ ఆఫీసుకి ఫోను చేశాడు. అందరం వినేలా పెట్టాడు. అవతలి గొంతు మర్యాదగానే ఉంది. నిండని బ్యాచ్‌ని నడకకి వదిలే బటన్ మీ దగ్గర లేదు, మా దగ్గరా లేదు, సిస్టమ్ దానంతట అదే వదులుతుంది అన్నాడు.

“సర్, ఐదింటికి షిప్.”

“షిప్ సిస్టమ్‌లో లేదండీ” అన్నాడు అతను.

ఆ మాట మీదే. అన్నవాడి పేరు నాకు తెలీదు. షిప్ సిస్టమ్‌లో లేదు. నీళ్ల మధ్య బతికేవాళ్లకి సరుకు పంపే సిస్టమ్‌లో ఓడ లేదు.

గోపీచంద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నన్నూ ఆమెనూ చూడలేదు. “టీ తాగొస్తాను” అని గొడుగు తీసుకున్నాడు. రోజూ ఆయన టీ రెండున్నరకి. అప్పుడు టైము ఒంటి గంట.

రాజకుమారి ట్రాలీ వదిలేసి, ఉత్త చేతులతో నడిచింది. అబర్డీన్ దాటింది, నీల్ దాటింది. వాన ఎక్కువైంది. ఆకుపచ్చ వెలుగు ముదిరి, చివరి వరసల్లో నల్లబడింది. ఆమె లేత పసుపు దుపట్టా కాసేపు కనిపించి, ఆరిపోయినట్టు పోయింది. ఎంతసేపు పోయిందో చెప్పలేను. ఆ మూల నిజంగా రెండు రాత్రుల దూరంలో ఉన్నట్టే అనిపించింది. తిరిగి తేలినప్పుడు డబ్బాని రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

“మిగతా పదీ కూడా తెచ్చీనా?” అని అడిగింది.

ఒక్కటే అన్నాను నేను. బస్సులో పోవాలి, రెండు చేతులే ఉన్నాయి, టైము లేదు అన్నాను. అన్నీ నిజాలే. అయినా ఆ మాట అన్నది నేనే.

జూన్ తర్వాత, బ్యాచ్ నిండనిదే మిషను చీటీ అచ్చు వేయడం లేదు. ఆ చీటీ లేని పెట్టెని వ్యానులోకి ఎక్కించుకోరు. డబ్బాని పెట్టెలో పెట్టి, టేపు వేసి, మార్కరుతో చేత్తో రాశాను. స్వాతి, క్యాంప్‌బెల్ బే.

“తెలుగులో రాస్తే జహాజ్‌లో ఎవుడు సదువుతాడు భయ్యా? నాకే రాదు.”

“హిందీలో నాకు రాదు.”

“మనిద్దరికీ కంపెనీ ఉద్యోగాలు ఎలాగిచ్చినాదో” అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే. ప్రోతరాపూర్ బస్టాపు వైపు పెట్టెని దుపట్టాలో చుట్టుకుని పరిగెత్తింది.

హాడో జెట్టీలో ఏం జరిగిందో ఆమె చెబితే విన్నాను. మా దీవుల్లో ఒక పద్ధతి ఉంది. అర్జెంటు వస్తువుంటే ఓడ ఎక్కేవాళ్లలో ఎవరో ఒకరి చేతిలో పెడతారు. వరసలో, మూటల మీద కూర్చుని ఒక ముసలామె కనిపించింది. ఒక కంటికి కట్టు. పేరు యర్రమ్మ. కన్ను ఆపరేషన్ చేయించుకుని క్యాంప్‌బెల్ బే తిరిగిపోతోంది.

“ఏటిది?”

“పాలడబ్బా పెద్దమ్మా. ఒక పిల్లకి.”

“నీ పిల్లా?”

“కాదు. ఎవులో నాకు తెల్దు.”

“తెలీకుండానే ఇంత తడిసినావా?” అని పేరడిగింది. చెబితే, మూసిన కన్ను వైపు తల వంచి ఆలోచించింది. “నీళ్ల ట్యాంకు కాడ స్వాతా? దాని కోళ్లు నా పెరట్లోనే మేస్తాయి. ఇలగియ్యి. పోట్లాడ్డానికి ఎలాగా ఎల్లాలి.”

పెట్టె ఓడ ఎక్కింది. రాజకుమారి భోజనం టైము దాటి నలభై నిమిషాలు లేటుగా తిరిగొచ్చింది. మా పనికి సిస్టమ్ వేసే స్కోరులో ఆమెది పసుపు నుంచి ఎరుపుకి దిగింది. శుక్రవారం స్వాతి మళ్లీ రాసింది. ‘డబ్బా వచ్చింది అక్కా. చిన్ని తాగి పడుకుంది. యర్రమ్మ పెద్దమ్మ కోళ్ల గురించి తిట్టి మరీ ఇచ్చింది.’

కథ ఇక్కడ ఆగితే నేను మీకు ఇదంతా చెప్పేవాణ్ణి కాదు.

నాలుగు రోజుల తర్వాత క్యాంప్‌బెల్ బే బ్యాచ్ ఇరవైకి నిండింది. సిస్టమ్ మేలుకుని, సోయా పాలడబ్బా తెమ్మని ఒక మనిషిని పంపింది. ఎవర్ని? రాజకుమారినే. ఆమె ఇరవై ఆరో ర్యాకు దగ్గరికి వెళ్లింది. అక్కడున్నది ఒక్కటే డబ్బా, అది పోయింది. చేరిపోయిన ఆర్డరునే మళ్లీ అడుగుతోంది స్కానరు. సరుకు ఉందా లేదా అని అడిగింది. ఇంకొకరైతే ఏదో నొక్కి తప్పించుకునేవారు. ఆమె ‘లేదు’ అని నొక్కింది.

అప్పుడు మీ సిస్టమ్ వెనక్కి వెతికింది. మంగళవారం ఒంటి గంటకి, ఏ బ్యాచ్ లేకుండా, ఆ ర్యాకు దగ్గర ఎవరి మెడలోని గేటు కార్డు కదిలిందో పట్టుకుంది. రాజకుమారి కార్డు గేటు దగ్గర పనిచేయడం మానేసింది. అదే నిమిషంలో స్వాతి ఫోనుకి ఒక మెసేజ్ పోయింది. ‘క్షమించండి. మీ వస్తువు దొరకలేదు. ఆర్డరు రద్దు చేశాం.’ అప్పటికి చిన్ని ఆ డబ్బాలో పాలు రోజూ తాగుతోంది.

డబ్బా వచ్చిందన్న స్వాతి మెసేజ్‌ని గోపీచంద్ మీకు పంపాడు. పంపని వస్తువు అందినట్టు నమోదు చేసే వీలు లేదని రాశారు. ఇదొక్కదానికి జవాబిచ్చారు.

ఆదివారం బతు బస్తీ వెళ్లాను. రాజకుమారి మేడ మీద ఎండు చేపలు ఆరేస్తోంది. వాన విడిచిన ఎండ, కింద సందులో రేడియో, తీగల మీద బట్టలు మెల్లగా ఊగుతున్నాయి. గోనె మీద అన్నిటికీ దూరంగా, ఒక మూలకి, చిన్న కుప్ప తీసి పెట్టి ఉంది.

“అది ఎవరికి?”

“ఆ సందు సివర మామ్మకి. మెట్లెక్కనేదు.”

ఇంకో చేప పరుస్తూ తనే అంది. “తప్పు సేసినాను భయ్యా.”

“డబ్బా తీసినందుకా?”

“పదకొండు తేవలసింది. ఒక్కటే తెచ్చినాను.”

ఆ పదీ పంతొమ్మిది రోజులకి చేరాయి, తర్వాతి ఓడ గాలికి ఆగిపోబట్టి. అందులో చెవి మిషను బ్యాటరీలు ఉన్నాయి. ఒక పెద్దాయన ఆ పంతొమ్మిది రోజులూ తన ఇంట్లో వాళ్ల మాట కూడా వినకుండా కూర్చున్నాడు. ఆ పదింటికీ రాజకుమారి జవాబు చెప్పుకుంటోంది, మేడ మీద, చేపలు తిరగేస్తూ. మీరు దేనికీ చెప్పుకోవడం లేదు.

కాబట్టి అడుగుతున్నాను. ఆమె పేరు పక్కన ఆ మాట తుడిచేయండి. తుడవలేకపోతే నా పేరు పక్కన కూడా రాయండి, ఆ పెట్టెకి టేపు వేసింది నేనే. బ్యాచ్‌లు వద్దనడం లేదు, మా మడమలు మాకు తెలుసు. ఇరవై నిండాలని కాదు, ఓడ కదిలే టైము రాగానే బ్యాచ్ నడవాలి. మూడున్నా నడవాలి. దూరపు వాటా ముందు తీయాలి. దగ్గరివి ఆ దారిలోనే వస్తాయి, మీ కళ్లతో చూడాలంటే వచ్చి ఆమె వెనక ఒక పూట నడవండి.

ఇది రాస్తున్నప్పుడు నా తెర మీద క్యాంప్‌బెల్ బే బ్యాచ్‌లో ఏడు ఆర్డర్లున్నాయి. ఓడ గురువారం ఐదింటికి. ఆ ఏడింటినీ బుధవారమే వదలండి. తీయడానికి రాజకుమారి పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడుతుంది. ఆమె కార్డు పనిచేయాలి.